కోకాపేట దారిలో గీరుకుపోయిన గడ్డం, మా కాఫీ పొడి గొడవ

మా చెల్లి కరుణ సైకిల్ కొన్న రోజే అమ్మ షరతు పెట్టింది. "ముఖం మీద ఒక్క మచ్చ పడిందంటే ఆ సైకిల్ అమ్మేస్తాను." మా తమ్ముడి మోకాళ్ళ నిండా మచ్చలే. వాడి సైకిల్ జోలికి మాత్రం ఎవరూ పోలేదు. అదేమని అడిగితే "వాడు మగపిల్లాడు కదే" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ కోపంతోనే ఆదివారం కరుణ ఆఫీసు గ్రూపు వేస్తున్న రైడ్‌కి నేనూ బయల్దేరాను. నేను నర్సుని. ఈ దారిలో వెళ్ళాలనుకునేవాళ్ళకి దారితోపాటు, పడితే ఏం చేయాలో కూడా చెబుదామని రాస్తున్నాను.

మదీనాగూడలో ఐదింటికల్లా బయల్దేరితే మంచిది, ఆ వేళకి హైవే ఖాళీగా ఉంటుంది. కొత్తగూడ, గచ్చిబౌలి మీదుగా ఖాజాగూడ చెరువు దగ్గరికి చేరేసరికి తెల్లవారింది. అక్కడ రాళ్ళ పక్కన కాసేపు ఆగి, ఇరవై రూపాయల టీ తాగి, కోకాపేట వైపు తిరిగాం. పోనూ రానూ నలభై కిలోమీటర్ల లోపే. కొత్తవాళ్ళు కూడా హాయిగా తొక్కవచ్చు, రోడ్డు రోడ్డులా ఉంటే.

కోకాపేట టవర్ల దగ్గర మలుపులో ఏదో టిప్పర్ ఒలకబోసిన ఇసుక అలాగే పడి ఉంది. కరుణ బ్రేక్ వేసింది, సైకిల్ జారింది, గడ్డం రోడ్డుకి గీరుకుపోయింది. తల తగల్లేదు, మాట తడబడలేదు, పళ్ళు గట్టిగానే ఉన్నాయి. దెబ్బ లోతుగా తెగలేదు కానీ చర్మం లేచిపోయి రక్తం, ఇసుక కలిసిపోయాయి. "అక్కా, మచ్చ పడుతుందా? అమ్మ సైకిల్ అమ్మేస్తుంది" అని ఏడ్చేసింది. నొప్పి గురించి ఒక్క మాట లేదు.

ఇంతలో గ్రూపు లీడర్ మహేందర్ హ్యాండిల్ సంచిలోంచి కాఫీ పొడి ప్యాకెట్ తీశాడు. నిజంగానే. పంక్చర్ కిట్ పక్కనే అరడజను ప్యాకెట్లు! పడ్డవాళ్ళు కాఫీ పొడి అద్దుకుని రైడ్ పూర్తి చేయాలట, అది ఆ గ్రూపు ఆనవాయితీ.

"ఫికర్ చెయ్యకు మేడమ్, జర పొడి అద్దితే రక్తం ఆగుతది. మేమందరం గిట్లనే చేస్తం."

"ఆ చెయ్యి అక్కడే ఆపండి! ఆ పొడి, ఈ ఇసుక లోపల ఉండిపోతే చర్మంలో నల్లటి మరక మిగిలిపోతుందండీ" అన్నాను. నా గొంతు ఎంత లేచిందంటే మిగతావాళ్ళు వెనక్కి జరిగారు.

నా సంచిలోని ఫస్ట్ ఎయిడ్ డబ్బా తీసి, చేతులు కడుక్కుని, శుభ్రమైన గుడ్డతో కాసేపు గట్టిగా అదిమి పట్టాను. రక్తం ఆగాక సీసాడు మంచినీళ్ళు ధారగా పోసి ఇసుక కడిగేశాను, చుట్టూ సబ్బు నీళ్ళతో తుడిచాను. స్పిరిట్ పోయలేదు, అది మంటతోపాటు చర్మాన్నీ పాడు చేస్తుంది. పల్చగా పెట్రోలియం జెల్లీ రాసి, గాయానికి అంటుకోని పల్చటి గాజ్ కట్టుగుడ్డ వేసి ప్లాస్టర్ అంటించాను. కడిగినా రాని ఇసుక ఉన్నా, గాయం నోరు తెరుచుకున్నా సొంత వైద్యం వద్దు, వెంటనే దవాఖానకి వెళ్ళండి.

తిరుగు ప్రయాణానికి ట్రాలీ ఆటో మాట్లాడాం. సైకిళ్ళు ఎక్కిస్తూ డ్రైవర్ అడిగాడు, "ఏందమ్మా, చెల్లెకు పెండ్లయిందా? మొహం మీద మచ్చ పడితే పరేషానే ఇగ."

"అన్నా, ముందు ఆ ఇసుక ఎవరు పోశారో అడుగు" అన్నాను. ఆ మలుపు దగ్గరి టీ కొట్టు ఆమె, గ్రూపులో ఇద్దరు, ఇప్పుడు ఇతను, అందరూ పెళ్ళి గురించే అడిగారు. ఇసుక గురించి ఒక్కరైనా అడగలేదు. దారిలో క్లినిక్ దగ్గర ఆటో ఆపించి కరుణకి టీటీ ఇంజెక్షన్ వేయించాను.

ఇంట్లో అమ్మ పసుపు గిన్నెతో ఎదురొచ్చింది. దాన్నీ ఆపాను. "గాలి తగిలితేనే మానుతుందే" అంది. అది కూడా తప్పే. గాయం ఎండిపోయి పక్కు కడితే మానడం ఆలస్యమవుతుంది, మచ్చ పడే అవకాశం ఎక్కువ. రోజూ కడిగి, జెల్లీ రాసి, కొత్త చర్మం వచ్చేదాకా కప్పి ఉంచాం. దురద పెట్టినా గోకనివ్వలేదు. మానాక ఎండలోకి వెళ్ళేటప్పుడల్లా సన్‌స్క్రీన్ రాయించాను. ఇన్ని చేసినా ఒక్కోసారి మచ్చ పడుతుంది, అది ఎవరి తప్పూ కాదు.

కొన్ని నెలలయ్యాక అమ్మ కరుణని బాల్కనీ వెలుగులో నిలబెట్టి గడ్డం అటూ ఇటూ తిప్పి చూసింది. "ఏమీ కనబడట్లేదు. సరే, సైకిల్ ఉంచుకో."

"కనబడినా ఉంచుకునేదాన్నమ్మా" అంది కరుణ. అమ్మ లోపలికి వెళ్ళిపోయింది.

చర్మం మానడానికి ఏం కావాలో నాకు తెలుసు. కానీ ఆ పిల్ల తన సొంత గాయాన్ని సైకిల్ పోతుందన్న భయంతో చూసుకోవలసి రావడం తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. ఆ మలుపులో ఇసుక నిన్నటికి కూడా అలాగే ఉంది. మీరు వెళ్ళేటప్పుడు ఒక్కటి గుర్తుపెట్టుకోండి: తాగడానికి ఒక సీసా, గాయం కడగడానికి ఇంకో సీసా మంచినీళ్ళు తీసుకెళ్ళండి. మా ఇంట్లో ఆ రెండో సీసా ఇప్పుడు అమ్మే నింపి పెడుతోంది, కరుణ సంచిలో ఒకటి, తమ్ముడి సంచిలో ఒకటి.