రెండు నీలి గీతలు

మొన్న పొద్దున వనపర్తిలో మా పక్కింటాయన, వీధి దీపం వెలగడం లేదని ఎమ్మెల్యే గారి నంబరుకు వాట్సాప్‌లో పంపిన అర్జీ నాకు చూపించి, "ఇది పోయినట్టేనా అన్నా, నువ్వు గా ఆఫీసులల్ల చేసినోనివి గద" అని అడిగాడు. పోయిందని చెప్పి ఫోను తిరిగి ఇచ్చాను గాని, ఆ తరువాత చేతిలోని చాయ్ అట్లాగే చల్లారిపోయింది. తెల్ల కాగితం మీద అర్జీ రాయించుకుని నాయకుల గేటు ముందు నిలబడిన కాలం నా వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది. నా మాట వాళ్లకు అర్థమవుతుందనే ఆశతో ఇది రాస్తున్నాను.

ఒక శాసనసభ్యుని క్యాంపు ఆఫీసులో చాలా ఏళ్లు అర్జీలు తీసుకునే పని చేశాను. ఆయన పేరుతో ఇక్కడ పని లేదు, తప్పు నాది. పల్లెల నుంచి మొదటి బస్సుకు వచ్చినవాళ్లు సద్దిమూట పక్కన పెట్టుకుని నా బల్ల ముందు కూర్చునేవారు. కాగితం ఇస్తూ నా ముఖంలోకి చూసేవారు. అప్పుడైనా నేను గొప్పగా పని చేశానని చెప్పను, ఎన్నో అర్జీలు అల్మారాలోనే రంగు మారిపోయాయి. కానీ పని కాదనుకుంటే ఆ సంగతి నా ముఖంలోనే తెలిసిపోయేది, వాళ్లు లేచి మరో దారి వెతుక్కునేవారు.

పల్లెల్లో కూడా పెద్ద ఫోన్లు వచ్చాక మా సారు ఒక వాట్సాప్ నంబరు తీసుకుని ఊరూరా గోడల మీద రాయించి, ఆ ఫోను నా చేతిలో పెట్టారు. రోజూ కారెక్కే ముందు "చూడనియి ఎన్నున్నయి" అని ఒక్క మాట అడిగేవారు. ఒక్కటీ లేదని చెప్పడంలో నాకు గర్వముండేది. అందుకోసం పొద్దున్నే కూర్చుని వచ్చిన ప్రతి సందేశాన్నీ తెరిచి మూసేవాణ్ణి. కొన్ని చదివేవాణ్ణి, చాలావాటిని చదవలేదు, మాట రూపంలో వచ్చినవాటినైతే విన్నదే లేదు. సారు డ్రైవరు నన్ను చూసి నవ్వేవాడు. "మా అన్న ఏలు తాకితే సాలు, పబ్లిక్ కష్టాలన్నీ మాయమైతయి" అనేవాడు. నేనూ నవ్వేవాణ్ణి.

నేను తెరిచినప్పుడల్లా అవతలివాళ్ల ఫోనులో రెండు గీతలు నీలంగా మారతాయి. పల్లెల్లో ఆ నీలాన్ని సారు సంతకంగా తీసుకుంటున్నారని నాకు చాలాకాలం తెలియదు. ఒకసారి నీలం పడ్డాక అదే పని మీద మరొకరి దగ్గరికి పోతే సారును చిన్నబుచ్చినట్టు అవుతుందని కూడా అనుకునేవారట.

ఒక చలికాలం పొద్దున, గద్వాల వైపు వాగవతలి ఊరి నుంచి ఒక తల్లి తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. వానలకు వాగు మీది కల్వర్టు కూలి బస్సు రావడం మానేసింది. తొమ్మిదో తరగతి చదివే కూతురు బడికి పోలేక, పత్తి విత్తనం చేలలో క్రాసింగ్ చేసే, అంటే పూలకు చేత్తో పుప్పొడి అద్దే ఆడవాళ్లతో పనికి పోవడం మొదలుపెట్టింది. ఇప్పుడు పిల్లను ఏదైనా హాస్టల్లో చేర్పించమని అడగడానికి వచ్చారు. ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారని కసిరినట్టే అడిగాను.

ఆమె తమ్ముని ఫోను నా బల్ల మీద పెట్టింది. "పంపిన గద సారూ. నీలం గీతలు పడ్డయి, సారు చూసిండని ఊకున్నం. బస్సు డిపోకు పోయి అడుగుదామని ఊరోళ్లు అంటే నేనే వద్దన్న. సారు చూసినంక మల్ల ఇంకొకల కాడికి పోతే ఏం మర్యాద?"

ఆమె గొంతులో కోపం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతోంది. హాస్టల్ సంగతి చూస్తానని చెప్పి పంపించి, తలుపు దగ్గరగా వేసుకుని, ఆ సందేశాలు వెతికి విన్నాను. ఆమెకు రాయడం రాదు, అందుకే మాట్లాడి పంపింది. వారానికొకటి చొప్పున నాలుగున్నాయి. "సారూ, మా బిడ్డకు నడవనీకి భయం లేదు, వాగుతోనే పరేషాన్. జర చూడున్రి" అంటుంటే, వెనక నుంచి ఒక ఆడపిల్ల గొంతు "అమ్మా, ఊరి పేరు చెప్పలే నువ్వు" అని గుర్తుచేస్తోంది. మొదటి మూడింటిలోనూ ఆ గొంతు ఉంది. నాలుగోదాంట్లో తల్లి ఒక్కతే మాట్లాడింది, ఊరి పేరు చెప్పడం మరిచిపోయింది. అప్పటికి పిల్ల చేనికి పోతున్నదన్నమాట.

ఆ సాయంత్రమే సారుకు చెప్పాను, అదీ సగమే. సందేశం ఒకటి కంటబడలేదన్నాను. ఆయన అప్పటికప్పుడు ఇంజనీరుకు ఫోను చేశారు, నెల తిరగకముందే వాగులో పైపులేసి మట్టి పోశారు, బస్సు నడిచింది. అంత తేలికైన పని అది. హాస్టల్లో సీటు కూడా దొరికింది గాని పిల్ల రానన్నది. మళ్లీ తొమ్మిదిలోనే చేరి తనకంటే చిన్నవాళ్ల పక్కన కూర్చోవడానికి సిగ్గనిపించిందట. తరువాతి వానాకాలం కూడా ఆమె చేనికే పోయిందని మేనమామ ఫోనులో చెప్పాడు.

ఇప్పుడు నాయకులకు మొర పెట్టుకోవడానికి ఎన్నో మార్గాలున్నాయి, నంబర్లు, యాప్‌లు, అర్జీ చేరిందని వెంటనే వచ్చే జవాబులు. కూలి పోగొట్టుకుని, బస్సెక్కి, గేటు ముందు ఎండలో నిలబడే బాధ తప్పింది, అది మంచిదే. నా బల్ల ముందు కూర్చుని ఉంటే మాత్రం ఆ తల్లి నా ముఖం చూసి, ఇక్కడ పని కాదని తెలుసుకుని, ఆ రోజే డిపోకు పోయి ఉండేది. ఆ నీలం గీతలు నా ముఖాన్ని ఆమెకు కనబడకుండా దాచాయి, నేనూ వాటి చాటున హాయిగా కూర్చున్నాను.

బస్సు వచ్చాక ఆమె ఫోను చేసి, "ఆలస్యమైనా సారు మా మాట ఇన్నడు, నీ పిల్లలు సల్లగుండాలె" అన్నది. అప్పుడైనా నిజం చెప్పి ఉండాల్సింది, మంచిదమ్మా అని ఫోను పెట్టేశాను. తెరిచింది నేనని, తెరిచి వినలేదని ఇన్నేళ్లకు ఇక్కడ రాస్తున్నాను. అదీ ఆమెకు చదవడం రాదని తెలిసే.