ఆముదం పోసిన గాలి తుపాకి

1934వ సంవత్సరం, భాద్రపద మాసం. నంద్యాల బజారు వీధి చివర నాకొక చిన్న కొట్టు ఉండేది. తాళాలు, కుట్టుమిషన్లు, గ్రామఫోన్లు, ఇనుముతో చేసినది ఏది మొరాయించినా నా దగ్గరికి వచ్చేది. వాటన్నిటిలో గాలి తుపాకులంటే నాకు ప్రత్యేకమైన మోజు. బనగానపల్లె వైపు మామిడి తోటలున్న ఆసాములు చిలకల బాధ పడలేక వాటిని మద్రాసు నుంచి తెప్పించుకునేవారు. ఏడాదికి పది పన్నెండు తుపాకులు నా బల్ల మీదికి ఎక్కేవి. కొట్టులో ఎవరూ లేనప్పుడు బ్యారెల్‌ను వెలుతురు వైపు పెట్టి, ఒంటి కన్నుతో లోపలికి చూస్తూ కూర్చునేవాణ్ణి. లోపల మెరుపు మెలికలు తిరుగుతూ దూరంగా వెళ్ళిపోతున్నట్టుండేది. అలా చూస్తూ ఎంతసేపు గడిచిందో తెలియని రోజులున్నాయి. మా ఆవిడ నన్ను పిచ్చివాడి కింద జమకట్టింది.

తెలియనివాళ్ళ కోసం చెబుతాను. గాలి తుపాకిలో మందుగుండు ఉండదు. బ్యారెల్‌ను విరిచినట్టు కిందికి వంచితే లోపలున్న మెయిన్ స్ప్రింగు, అంటే పెద్ద ఉక్కు చుట్ట, నొక్కుకుని కూర్చుంటుంది. ట్రిగ్గర్ లాగగానే అది విడుచుకుని పిస్టన్‌ను ముందుకు తోస్తుంది. పిస్టన్ ముందున్న గాలి ఒక సన్నని రంధ్రంలోంచి దూసుకొచ్చి పెల్లెట్‌ను, అంటే చిన్న సీసపు గుండును, తోసుకుపోతుంది. పిస్టన్ మూతికి ఒక తోలు వాషరు ఉంటుంది. గాలి పక్కలకు జారిపోకుండా ఆపేది అదే. తుపాకి బలమంతా ఆ చిన్న తోలు ముక్కలో ఉందని నేను అందరికీ గొప్పగా చెబుతూ ఉండేవాణ్ణి. నా పనితనం మీద నాకు గర్వం జాస్తి. పని గురించి ఎవరైనా సలహా చెప్పబోతే ముక్కు మీద కోపం.

ఆ భాద్రపదంలో ఒక పొద్దున రాహేలమ్మ వచ్చింది. బనగానపల్లె దారిలో, ఎర్రమల కొండల వైపు ఉన్న ఒక పల్లె వాళ్ళది. యాభై దాటిన మనిషి. చేతిలో పాత పంచె చుట్టిన పొడవాటి మూట. కొట్టు మెట్టు దగ్గరే నిలబడి, లోపలికి రమ్మన్నా రాలేదు.

“ఆచారి సామీ, ఇది మా మిషను బడి దొర వాళ్ళ సీమకు పోతా పోతా మాకిచ్చి పోయినాడు. మా ఇంటాయన దావీదు పోయినేడు మంచె మీద నుంచి పడి భుజం పోగొట్టుకున్యాడు. వడిసెల తిప్పలేడు, నాకు చేతగాదు. నాలుగెకరాల సజ్జ పాలకంకి మీద ఉండాది. ఇది ఉంటేనే మాకు పంట.”

వడిసెల అంటే రాయి పెట్టి విసిరే తాడు. మా సీమలో పంట గింజ పట్టే రోజుల్లో ప్రతి చేనులోనూ మంచె మీద ఒకరు నిలబడి, కేకలు వేస్తూ, వడిసెల తిప్పుతూ పిట్టలను తోలాలి. ఆ చెయ్యి లేకపోతే సజ్జ చేను పిట్టల పాలే. నాలుగెకరాల సజ్జ అంటే ఆ ఇంటికి ఏడాది పొడుగునా రొట్టె, సంగటి.

“ఏమయింది దీనికి?” అన్నాను.

“ముందు పెద్ద శబ్దం వచ్చేది సామీ. ఢామ్మని. ఇప్పుడు ఉస్సుమంటాండాది అంతే.”

నేను నవ్వాను. “గాలి తుపాకి ఢామ్మనదమ్మా. అనగూడదు. అట్ల అన్నిందంటే దానికి జబ్బు చేసినట్టు.”

ఆమె ఇంకేదో చెప్పబోయింది. నేను అప్పటికే స్క్రూలు విప్పుతున్నాను. లోపల చూశాను. స్ప్రింగు మూడు ముక్కలు. తోలు వాషరు బొగ్గులా నల్లబడి, అంచులు చిరిగిపోయి ఉంది. సిలిండరు నిండా జిడ్డు, మసి. ఆముదం వాసన గుప్పుమంది.

“ఇందులో ఆముదం పోసింది ఎవరు?”

“మా ఆయనే సామీ. బండి ఇరుసుకు పోసినట్ల, రెండేసి చుక్కలు...”

“ఇది బండి కాదమ్మా! ఇంకోసారి ఈ రంధ్రంలో నూనె చుక్క పడిందంటే తుపాకి చస్తుంది. అప్పుడు నా దగ్గరికి రావద్దు.”

రాహేలమ్మ తల వంచుకుని “అట్లే సామీ” అంది. అంత గట్టిగా అనాల్సిన పని లేదని నాకే తెలుసు. అయినా అనేశాను.

రెండు రోజులు ఆ తుపాకి మీదే కూర్చున్నాను. జిడ్డంతా కిరసనాయిలుతో కడిగాను. మంచి ఎద్దు తోలు ఏరి వాషరు కోసి, మైనంలో నానబెట్టి ఆరబెట్టాను. కొత్త స్ప్రింగు ఎక్కించాను. పెరట్లో ఇరవై అడుగుల దూరంలో చింతగింజ పెట్టి కొడితే చింతగింజ ఎగిరిపోయింది. శబ్దం టప్‌మని, తలుపు గొళ్ళెం వేసినంత. నాకు ఎంత ఆనందమైందో చెప్పలేను. బుధవారం రాహేలమ్మ వచ్చి తీసుకుపోయింది. ఆ తుపాకి వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను.

పదో రోజు ఆమె మళ్ళీ వచ్చింది. ఈసారి చేతిలో తుపాకి లేదు. కొంగులోంచి ఒక సజ్జ కంకి తీసి నా బల్ల మీద పెట్టింది. గింజ ఒక్కటి లేదు. ఒట్టి బెండు.

“తూర్పు దిక్కంతా ఇట్లే అయిపోయింది సామీ,” అంది. గొంతులో కోపం లేదు. అలసట ఉంది. “తుపాకి బాగా కొడతాండాది. మా ఆయన దినానికి ఐదారు పిట్టల్ని పడేస్తాండాడు. కానీ మిగిలినవి పోతల్యా.”

నాకు అర్థం కాలేదు. తుపాకిలో లోపమేమో చూడాలన్నాను. ఆమె మాట విని కాదు, నా పని మీద అనుమానం వచ్చి బయలుదేరాను. నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను.

మర్నాడు తెల్లవారుజామునే సైకిలు మీద వాళ్ళ చేను చేరుకున్నాను. ఆ పొద్దు నేను ఇప్పటికీ మరిచిపోలేదు. ఎర్రమల కొండలు ఇంకా నీలంగా ఉన్నాయి. చేను మీద మంచు పల్చగా, అడుగెత్తున నిలిచి ఉంది. మంచు పైన కంకులు మాత్రమే కనిపిస్తున్నాయి, కింద నేల ఉందో లేదో తెలియనట్టు. దూరాన ఎక్కడో ఇంకో చేనులో ఎవరో ఆడమనిషి పిట్టలను తోలుతూ “హోయ్... హోహోయ్...” అని సాగదీసి పిలుస్తోంది. ఆ కేక మంచులో నానుతూ నానుతూ మా దాకా వచ్చి ఆగిపోతోంది. నేను మంచె ఎక్కి దావీదు పక్కన కూర్చున్నాను. ఎండుకట్టెలాంటి మనిషి. కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. భార్య తుపాకి వంచి గుండు పెట్టి ఇస్తే, మంచె గుంజ మీద ఆనించి ఎడమ చేత్తో కొడతాడు.

కొండ వైపు నుంచి చిలకలు వచ్చాయి. మొదట వాటి అరుపు, తర్వాత ఆకుపచ్చని గీత, తర్వాత ఆ గీత విడిపోయి వందల రెక్కలు. వాటి వెనక పిచ్చుకల గుంపు చేను మీద దుప్పటి పరిచినట్టు దిగింది. కంకులన్నీ ఒక్కసారి బరువుకు వంగాయి. అంత అందమైనది నేను ఎప్పుడూ చూడలేదు. అది ఆ ఇంటి తిండి అని ఒక్క క్షణం మరిచిపోయాను.

దావీదు గురి చూశాడు. టప్. ఒక చిలక రాలిపడింది. పక్క కంకి మీద ఉన్న చిలక తల తిప్పి చూసి, మళ్ళీ గింజ వలుచుకోవడంలో పడింది.

మళ్ళీ టప్. ఇంకొకటి రాలింది. మిగిలినవి కదలలేదు.

మూడోసారీ అంతే. “ముందు, ఇది చెడిపోకముందు, పిట్టల్ని ఎట్ల తోలేవాళ్ళు?” అని అడిగాను. ఈ మాట పన్నెండు రోజుల కిందట నా కొట్టులో అడగాల్సింది.

దావీదు నెమ్మదిగా చెప్పాడు. “గుండు కూడా పెట్టేది లేదు సామీ. ఆముదం రెండు చుక్కలేసి, చిన్న మట్టి ఉండ దోపి కొడితే ఢామ్మనేది. పొగ వచ్చేది. పిట్టలన్నీ లేసి కొండకు పోయేటివి. మళ్ళా గంటకు ఒగటి. మనకు పిట్టల్ని సంపేదెందుకు? పోతే సాలు.”

 ఆ సంగతి నాకు తెలియనిది కాదు. పత్తి మిల్లులో ఆయిలింజను బాగు చేసినవాణ్ణి. గాలిని గట్టిగా నొక్కితే వేడెక్కుతుంది. అందులో నూనె ఆవిరి ఉంటే భగ్గున అంటుకుంటుంది. ఇంజను నడిచేది ఆ పేలుడుతోనే. వీళ్ళ తుపాకిలోనూ జరిగింది అదే. దాని వల్ల స్ప్రింగు విరుగుతుంది, తోలు మాడుతుంది. అది తుపాకికి జబ్బే. కానీ వాళ్ళ చేనుకు కాపలా ఆ జబ్బే. నేను జబ్బు నయం చేసి కాపలా తీసేశాను.

“మరి ఆముదం మళ్ళీ ఎందుకు పోయకపోతిరి?” అన్నాను. అడిగాక నాకే సిగ్గేసింది.

రాహేలమ్మ నా ముఖం వైపు చూడకుండా, “పోస్తే సస్తాదని నువ్వే అంటివి కదా సామీ,” అంది.

ఆముదం ఇంట్లో ఉంది. ఆమె పరుగులాంటి నడకతో పల్లెకు పోయింది. ఆమె తిరిగి వచ్చేదాకా నేనూ దావీదూ ఆ మంచె మీదే ఉన్నాము. కేకలు వేశాను. పైకండువా విసిరాను. చేను ఇటు వైపు పిట్టలు లేచి అటు వైపు వాలాయి. పొద్దెక్కేకొద్దీ మంచు కరిగి, గింజలు వలిచే చిటపట శబ్దం చేనంతా సన్నని వానలా వినిపిస్తోంది. దావీదు కళ్ళు మూసుకుని దాన్నే వింటున్నాడు. నాకు ఏడుపొచ్చింది.

రాహేలమ్మ వెదురు గొట్టంలో ఆముదం తెచ్చింది. కొత్త స్ప్రింగు చాలా బలమైనది. రెండు చుక్కలైతే సిలిండరే పగలవచ్చు. వేపపుల్ల కొస ముంచి, కొస తడిసినంత మాత్రమే రంధ్రంలో అద్దాను. మట్టి ఉండ పెట్టాను. వాళ్ళిద్దరినీ వెనక్కి జరగమని నేనే ట్రిగ్గర్ లాగాను.

ఆ చప్పుడుకు మంచె అదిరింది. నీలం పొగ, మాడిన ఆముదం వాసన. చేనంతా ఒక్కసారి పైకి లేచింది. ఆకుపచ్చ, గోధుమ రంగు, రెక్కల గాలి ముఖానికి తగిలింది. ఆ గుంపు మా తలల మీదుగా ఒక చుట్టు తిరిగి, ఎర్రమల వైపు సాగి, సన్నబడి, ఆకాశంలో కలిసిపోయింది. తర్వాత ఎంతో నిశ్శబ్దం. వంగిన కంకులు ఒక్కొక్కటే లేచి నిలబడుతున్నాయి.

“ఇట్ల సామీ,” అన్నాడు దావీదు. “ఇట్లే పోయేటివి.”

ఎంత నూనె అద్దాలో వాళ్ళకు చూపించాను. ఈ పని చేస్తే స్ప్రింగు ఒక్క పంటకే వస్తుందని, ఏటా శ్రావణంలో తెస్తే మారుస్తానని చెప్పాను. బయలుదేరే ముందు రాహేలమ్మతో తప్పు నాదేనన్నాను. ఆమె ఒప్పుకోలేదు.

“నువ్వు పనోనివి, నీకు తెలుస్తాదిలే అని మేమూ నోరు మూసుకుంటిమి. తుపాకి నీకు తెలుసు సామీ. చేను మాకు తెలుసు. మేం చెప్పాల్సింది.”

ఆమె తప్పులో వాటా తీసుకోవడం నాకు తిట్టినదానికంటే ఎక్కువ బాధ కలిగించింది. చెప్పబోయినప్పుడు స్క్రూలు విప్పుతూ కూర్చున్నవాణ్ణి నేను.

ఆ తర్వాత ముప్పై ఏళ్ళు ఆ కొట్టులోనే పని చేశాను. ఏ వస్తువు వచ్చినా, దాన్ని తెచ్చినవాళ్ళు మాట ముగించేదాకా స్క్రూడ్రైవరు ముట్టుకోలేదు. బాగున్నప్పుడు అది మీకు ఏం చేసిపెట్టేది అని ముందుగా అడిగేవాణ్ణి. చాలామందికి ఆ ప్రశ్న వింతగా తోచేది. నా కోపం మాత్రం పూర్తిగా పోలేదు. తగ్గింది, అంతే.

వాళ్ళ చేనులో పడమటి సగం దక్కింది. తూర్పు సగం పోయింది. నేను ఆ లెక్క అక్కడితో సరిపోయిందనుకున్నాను. మరుసటి శ్రావణంలో స్ప్రింగు మార్పించుకోవడానికి రాహేలమ్మ వచ్చినప్పుడు మనిషి సగమై ఉంది. ఒంట్లో బాగాలేదా అంటే బాగానే ఉందంది. చాలాకాలం తర్వాత వాళ్ళ పల్లె మనిషి మాటల్లో చెబితే తెలిసింది. దక్కిన సజ్జ చాలక, ఆ ఏడు మాఘమాసం నుంచి ఆ ఇంట్లో ఒక పూటే పొయ్యి వెలిగిందట, అదీ దావీదు కోసమట. నాలుగేళ్ళు వరసగా ఆమె నా కొట్టు మెట్టు దగ్గర నిలబడింది. ఆ మాట నాతో ఒక్కసారి కూడా అనలేదు.