నగరి ఇంటర్, తిరువళ్ళూరు సీటు

1982 జూలై 5, సోమవారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలకు ఆ దరఖాస్తు నా బల్ల మీదికి వచ్చింది. తిరువళ్ళూరులో ఒక ప్రైవేటు కళాశాలలో నేను జంతుశాస్త్రం లెక్చరర్‌ని. ఆ ఏడు బీఎస్సీ జువాలజీ దరఖాస్తుల పరిశీలన నాకు అప్పగించారు. సీట్లు ఇరవై నాలుగు.

దరఖాస్తు సులోచనది. తిరుత్తణి నేతగాడు మునిరత్నం కూతురు. తెలుగులో చదవాలని, రాష్ట్రం సరిహద్దు అవతల, ఆంధ్రలోని నగరిలో అత్త ఇంట ఉండి ఇంటర్ బైపీసీ పాసైంది. మార్కులకు కొరత లేదు. కానీ వేరే రాష్ట్రం బోర్డులో చదివినవారు, ఆ పరీక్ష మా ప్లస్ టూకు సమానమని విశ్వవిద్యాలయం నుంచి ఎలిజిబిలిటీ సర్టిఫికెట్ తేవాలి. అది లేదు. నేను ఎర్ర సిరాతో 'వాపసు' అని రాశాను.

7న మునిరత్నం మద్రాసులో విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. కళాశాల సెలెక్షన్ లెటర్ ఉంటేనే సర్టిఫికెట్ అన్నారు. 8న మా దగ్గరికి వచ్చాడు. సర్టిఫికెట్ ఉంటేనే లెటర్ అన్నాడు మా ఆఫీసు సూపరింటెండెంట్. అలాగైతే ఏది ముందని నేనడిగితే, రెండు రూల్సూ సరైనవేనని జవాబిచ్చాడు. పైగా, లెటర్ లేకుండా సర్టిఫికెట్ ఇవ్వలేమని వాళ్ళ చేతే రాయించి తెమ్మన్నాడు. 12న మునిరత్నం మళ్ళీ మద్రాసు వెళ్ళాడు. ఇవ్వలేమని రాసివ్వడానికి కూడా అక్కడ ఎవరూ ఒప్పుకోలేదు.

13న తండ్రీ కూతురూ ఇద్దరూ వచ్చారు.

"మేడమ్, మగ్గంలో నాడె అటూ ఇటూ తిరిగితే జానెడు గుడ్డన్నా పడతాది. నేనిన్ని తూర్లు తిరిగినాను, యాడుంది గుడ్డ?" అన్నాడు మునిరత్నం.

సులోచన సూపరింటెండెంట్ వైపు తిరిగింది. "సార్, మా నగరి కప్పకు గుండెలో మూడు గదులే. తిరువళ్ళూరు కప్పకు నాలుగుంటాయా?"

"నువ్వుండు పాపా," అని తండ్రి కసిరాడు. నాకు నవ్వొచ్చింది. సూపరింటెండెంటుకు రాలేదు.

నేను ప్రిన్సిపాల్ గదికి వెళ్ళాను. సూపరింటెండెంట్ చెప్పినట్టు చేయమన్నారు. 16తో అడ్మిషన్లు ముగిశాయి; ఒక సీటు మిగిలిపోయింది.

19న, చేరినవారి జాబితా తయారుచేస్తూ విశ్వవిద్యాలయం నిబంధనల పుస్తకం తెరిచాను. ముప్పై ఒకటో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంది: ఇతర రాష్ట్రాల అభ్యర్థులకు కళాశాల తాత్కాలిక సెలెక్షన్ లెటర్ ఇవ్వవచ్చు, దాని మీద సర్టిఫికెట్ జారీ అవుతుంది. ఆ పుస్తకం జూన్ నుంచి నా సొరుగులోనే ఉంది. సూపరింటెండెంట్ దగ్గర ఇంకో ప్రతి ఉంది. పేజీ చూపించాను. చదివి, గడువు కూడా రూలే మేడమ్ అన్నాడు.

ఆ సాయంత్రమే మునిరత్నానికి కార్డు రాశాను, తప్పు నాదేనని, వచ్చే ఏడు లెటర్ నేనే ఇప్పిస్తానని. జవాబు రాలేదు. మరుసటి ఏడు దరఖాస్తూ రాలేదు. సులోచన మగ్గం ఎక్కిందని తిరుత్తణి నుంచి వచ్చే మా అటెండరు చెప్పాడు.

ఒక నిబంధన పేరు చెప్పి కాగితం తిప్పి పంపే ముందు, దాని మినహాయింపు కూడా చదవాలి. ఆ తర్వాత పదిహేడేళ్ళ ఉద్యోగంలో నేను అలాగే చేశాను.

ఆ జూలైలో పోయినవి: మునిరత్నానికి నాలుగు రోజుల నేత. మా తరగతిలో ఒక సీటు, మూడేళ్ళూ ఖాళీ. సులోచనకు డిగ్రీ.