తొమ్మిదో స్క్రూడ్రైవరు

రాజమండ్రి దగ్గర గోదావరి ఇసుకలో ఆదివారాలు మేం పెట్రోలు ఇంజిన్ బొమ్మ విమానాలు ఎగరేసేవాళ్లం. అసలు విమానాలు బాగుచేసి రిటైరైన పెద్దాయన ఒకరు వచ్చేవారు. మేం విమాన ప్రమాదాల కబుర్లు చెప్పుకుంటుంటే ఆయన పనిముట్లను ఒక్కొక్కటే వేలితో తాకి లెక్కపెట్టేవారు. నేను లెక్కల మనిషినని ఒకరోజు ఆ పని నాకిచ్చారు.

ఆరోజు మాతో ఎగరేసే జవుళి షాపాయన విమానం పొట్ట విప్పి బిగించాం. అది రేవులో జనం తలలమీద పల్టీలు కొట్టాలి. ఇంజిన్ అరుస్తోంది.

"స్క్రూడ్రైవర్లు ఎన్నండీ?" అని పెద్దాయన నన్నడిగారు.

"తొమ్మిదికి ఎనిమిదేనండి. ఒకటి తగ్గింది."

"ఆపండి! లోపలుంటే చుక్కాని బిగుసుకుంటుంది. జనంమీద పడుతుంది."

"ఏంటండీ మీ చాదస్తం! ఇదేమైనా మనుషులెక్కేదా?" అంటూ షాపాయన వేగం పెంచాడు.

పెద్దాయన ఉరికి, తోక పట్టుకుని విమానాన్ని రాతికేసి బాదారు. రెక్క విరిగింది. తిరిగే ఫ్యాను ఆయన అరచేతిని ఎముకదాకా చీల్చింది. షాపాయన ఆయన్ని చొక్కా పట్టి లాగి చెంపమీద కొట్టాడు.

చేతికి కట్టు కట్టడానికి వంగాను. నా జేబులోంచి స్క్రూడ్రైవరు జారి ఇసుకలో పడింది.

పెద్దాయన దాన్ని నెత్తుటి చేత్తోనే తీసి పెట్టెలో పెట్టారు.

"సరిపోయిందండి," అన్నారు. "ఇప్పుడు రెక్క అతికించి ఎగరెయ్యచ్చు."