ఆకు తినే చప్పుడు

నేను టీవీలోంచి మాయమైన సంగతి నాకంటే ముందు మా మేనత్తకు తెలిసింది. మిట్టేమరి నుంచి పొద్దున్నే ఫోన్ చేసింది.

"ఏమ్మే, యాడికి పోయినావు? నీ జాగాలో ఎవరో ఒకామె చీరలు అమ్ముతాండాది."

రెండు రాష్ట్రాల సరిహద్దులో ఉన్న బాగేపల్లిలో మా చిన్నాన్నకు ఒక చిన్న కేబుల్ ఛానల్ ఉండేది. స్టూడియో అంటే మిద్దె మీద ఒక గది, వెనక నీలం గుడ్డ, ముందు ఒక కెమెరా. వార్తలు చదివేది నేనే. చింతామణి మార్కెట్లో టమాట ధర, ఏ ఊళ్ళో కరెంటు ఎప్పుడు పోతుంది, ఎవరి మేకలు తప్పిపోయాయి, తాలూకు ఆఫీసులో అర్జీలకు గడువు ఎప్పటిదాకా, ఇవే మా వార్తలు. అర్జీల సంగతి కన్నడలో మొదలుపెట్టి, మేకల దగ్గరికి వచ్చేసరికి తెలుగులోకి దిగిపోయేదాన్ని. అదేమిటని ఎవరూ అడగలేదు. ఇక్కడ అందరి నోరూ అంతే.

తర్వాత ఒక పెద్ద కంపెనీ వచ్చింది. మొదట చిక్కబళ్ళాపురం లైన్లు కొన్నది, తర్వాత చింతామణివి, ఆఖరికి మావి. మీ ఛానల్ ఎక్కడికీ పోదని చిన్నాన్నకు మాటిచ్చారు. నిజమే, ఒక్కసారిగా ఎక్కడికీ పోలేదు. ముందు భక్తి ఛానళ్ళ వెనక్కి జరిగింది. అక్కడినుంచి ఎవరికీ అర్థంకాని భాషల పాటల ఛానళ్ళ వెనక్కి, రిమోట్ నొక్కి నొక్కి బొటనవేలు నొప్పి పుట్టే చోటికి జరిగింది. ఆ తర్వాతే చీరలామె వచ్చింది.

చిన్నాన్న గొడవ పడలేదు. ఎవరితో పడతాడు? ఇంట్లో పెట్టె వాళ్ళది, వీధిలో తీగ వాళ్ళది, ఆ తీగలో వచ్చే వార్తల ఛానల్ వాళ్ళది, ఫోన్లో సినిమాలు చూసే యాప్ కూడా వాళ్ళదే. పక్క ఊళ్ళో ఉన్న ఒక్క థియేటర్‌నూ లీజుకు తీసుకున్నారు. ఫిర్యాదు చేద్దామన్నా దాన్ని చూపించేది వాళ్ళ తెర మీదే కదా. ఆయన నవ్వి ఊరుకున్నాడు. నాకు మాత్రం కడుపు మండిపోయింది.

"చీరలన్నా బాగుండాయా అత్తా?" అని ఆ పొద్దున ఫోన్లో అడిగాను.

"యాడ బాగుండాయి? అంతా సింథటిక్" అంది. పట్టుపురుగులు పెంచే మనిషి ఆ మాట ఎలా అంటుందో విని తీరాలి.

అత్త మీద సినిమా తీయాలన్న ఆలోచన ఆ ఫోన్ కాల్‌లోనే పుట్టిందని ఇప్పుడు చెప్పుకుంటాను గానీ, నిజానికి అది పుట్టింది నా పట్టుదలలో. ఛానల్ తీసేస్తే ఊరుకుంటామా అన్న కసి. ఛానల్లో కెమెరా పట్టిన అబ్బాయి అప్పటికి పెళ్ళిళ్ళు తీసుకుంటున్నాడు. ముహూర్తాలు లేని రోజుల్లో వస్తానన్నాడు. కథ పెద్దదేం కాదు. ఒక ఆడమనిషి పట్టు పురుగులను తెచ్చి, పెంచి, పట్టు గూళ్ళు మార్కెట్‌కు పంపేదాకా ఆమె బతుకు. బ్యాంకు మేనేజరుతో కన్నడ మాట్లాడుతుంది, పురుగులతో తెలుగు మాట్లాడుతుంది, మొగుడితో ఏదీ మాట్లాడదు.

"యాక్టింగు నా చేత కాదు. నా పని నేను చేసుకుంటా. మీరేం తీసుకుంటారో తీసుకోండి" అంది అత్త.

మొదటి రోజే గొడవ. కెమెరా అబ్బాయి పెళ్ళికి వచ్చినట్టు సెంటు కొట్టుకుని వచ్చాడు. అత్త పురుగులింటి గడప దగ్గర చేతులు అడ్డం పెట్టి నిలబడింది. ఆ ఇల్లు అంటే చేను పక్కన రేకుల కప్పుతో కట్టిన పొడవాటి షెడ్డు. లోపల అరలు, అరల నిండా మల్బరీ కొమ్మలు, కొమ్మల మీద పురుగులు. ఘాటు వాసన సోకితే వాటికి పడదు. "ఈ వాసనతో లోపలికి పోతే నా పంట పోతాది. స్నానం చేసి రాప్పా" అంది. బోరు కింద ఒళ్ళంతా తోముకుని, మా మామ లుంగీ కట్టుకుని, బ్లీచింగ్ నీళ్ళలో కాళ్ళు ముంచి అప్పుడు లోపలికి వెళ్ళాడు. సినిమా మొత్తం ఆ లుంగీలోనే తీశాడు.

మా సినిమాలో ఒక చప్పుడు ఉంది. దాని గురించి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. పురుగు పొర విడిచే ముందు మేత మాని కదలకుండా పడుకుంటుంది. మా వైపు దాన్ని జ్వరం అంటారు. నాలుగో జ్వరం నుంచి లేచిన పురుగులకు పట్టలేని ఆకలి. అప్పుడు ఆకు వేస్తే షెడ్డంతా ఒకటే చిటపట, సన్నగా, ఎడతెగకుండా. ఆకు అయిపోతుంటే ఆ చప్పుడు పలచబడుతుంది, తర్వాత ఆగిపోతుంది. అది ఆగిందంటే ఇంటి ఆడమనిషి అన్నం ముందు కూర్చుని ఉన్నా లేచి ఆకు వేయడానికి పోతుంది. సినిమాలో ఒక చోట అత్త గడపలో ఒరిగి కూర్చుని ఉంటుంది. మాటలు లేవు, పాట లేదు, ఆ చప్పుడొక్కటే. అది మెల్లగా తగ్గి ఆగిపోతుంది, అత్త లేచి వెళ్తుంది. తెర కాసేపు ఖాళీగా ఉంటుంది. తర్వాత అత్త ఆకు మోపుతో వస్తుంది. నాకు ఆ సీన్ అంటే ప్రాణం.

సినిమా పూర్తయింది, ఎక్కడ చూపించాలి? నేను తిట్టుకున్న కంపెనీకే పంపాను. వేరే దారి లేదు. వాళ్ళ యాప్‌లో లోకల్ కథలని ఒక విభాగం ఉంది. దాన్ని చూసుకునే ఆయన ఫోన్ చేశాడు. మంచివాడు, మర్యాదస్తుడు. సినిమా నచ్చిందన్నాడు. రెండు మార్పులు చేస్తే తీసుకుంటామన్నాడు.

"ఆ గడప సీన్లో వెనక వాన చప్పుడులాంటిది ఏదో ఉంది మేడమ్. మా టెక్నికల్ వాళ్ళు నాయిస్ అంటున్నారు. అది తీసేసి వయొలిన్ పెడదాం."

"అది పురుగులు ఆకు తినే చప్పుడు సార్."

"ఓ, అలాగా? కానీ చూసేవాళ్ళకు తెలియదు కదా. ఇంకొకటి, మాటలు. ఆమె ఒకే వాక్యంలో తెలుగూ కన్నడా కలిపేస్తోంది. తెలుగుకొక వెర్షన్, కన్నడకొక వెర్షన్ శుభ్రంగా డబ్బింగ్ చేయిద్దాం."

"మా అత్త మాటకు ఏం మురికి అంటింది సార్?" అన్నాను.

ఆయన కోప్పడలేదు. ఆలోచించుకుని వారంలో చెప్పమన్నాడు. కెమెరా అబ్బాయి మాత్రం నా మీద కోప్పడ్డాడు. "ఒప్పుకుందామక్కా. ఎవరూ చూడని సినిమా తీసి ఏం లాభం? వయొలిన్‌తో అయినా జనం అత్తను చూస్తారు" అన్నాడు. అతని మాటలో న్యాయం ఉంది. నిజం చెప్పాలంటే నా మనసు సగం అటే మొగ్గింది. కాదంటే ఆ సినిమా నా కంప్యూటర్లోనే మురిగిపోతుంది. అవునంటే తెర మీద అత్త ముఖం ఉంటుంది, అత్త మాట ఉండదు.

ఆ వారంలోనే బెంగళూరు వెళ్ళాను. చిన్న సినిమాలకు అండగా నిలిచే ఒక సంస్థ అక్కడ ఉంది. ఇంకో సినిమాకు సాయం చేస్తారేమో, ఈ సినిమాను నాలుగు ఊళ్ళు తిప్పడానికి దారి చూపిస్తారేమో అని ఆశ. అక్కడి మేడమ్ సినిమా భాష ఏమిటని కన్నడంలో అడిగింది. రెండూ అన్నాను. రెండింట్లో ఏది అంది. మళ్ళీ రెండూ అన్నాను. "మా ఫారంలో ఒక్క భాష రాయడానికే చోటు ఉందమ్మా" అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "ఇది జనం ముందు ఎక్కడైనా ఆడిందా? ఇంత కలిపి మాట్లాడితే జనం కూర్చుని చూస్తారా అని మా కమిటీలో అడుగుతారు. చూశారని నేను చెప్పగలిగితే భాష సంగతి నేను వాదిస్తాను" అంది.

జనం ముందు ఒక్క ఆటైనా ఆడించాలని, కంపెనీ లీజుకు తీసుకున్న ఆ థియేటర్‌కే వెళ్ళాను. అక్కడి మేనేజరు, పాపం, చేతులు కట్టుకుని నిలబడి, పైనుంచి వచ్చిన సినిమాలే వేయాలని చెప్పాడు. ఆ రోజు బస్సులో మిట్టేమరికి పోయి అత్త ముందు కూర్చుని ఏడ్చాను. ఏడ్చినందుకు సిగ్గుపడలేదు. అత్త మంచినీళ్ళిచ్చి, నేను ముక్కు తుడుచుకునేదాకా ఆగి అంది:

"దానికి థేటరే కావాల్నా? గూళ్ళు మొన్ననే మార్కెట్‌కు పోయె. మళ్ళీ పురుగులింటికి మందు కొట్టి కొత్త పురుగులు తెచ్చేకి ఇంకా దినాలుండాయి. అంత పెద్ద ఇల్లు ఖాళీగా పడి ఉండాది. కిటికీలకు పట్టలు కడితే చీకటే కదా."

 ఆ షెడ్డులో అన్ని రోజులు సినిమా తీసి, అది చూపించడానికి ఊరూరా తిరిగాను.

వారం గడువు ముగిసేలోపే ఒక మధ్యాహ్నం ఆట పెట్టాం. పట్టు గూళ్ళు అల్లుకోవడానికి పురుగులను వదిలే వెదురు చంద్రికలను గోడకు వరసగా నిలబెట్టి, వాటి మీద తెల్లగుడ్డ కట్టాం. ప్రొజెక్టరు, స్పీకర్లు కెమెరా అబ్బాయి పెళ్ళిళ్ళకు వాడే సామాను. మిట్టేమరి ఆడవాళ్ళు, పరగోడు నుంచి అత్త చుట్టాలు, పనులు ముగించుకున్న మగవాళ్ళు వచ్చారు. ఖాళీ ఇల్లే అయినా ఎవరూ అలవాటు తప్పలేదు. గడప దగ్గర చెప్పులు విడిచి, ఒక్కొక్కరే బ్లీచింగ్ నీళ్ళలో కాళ్ళు ముంచి లోపలికి వచ్చారు. నేను ఫోన్ చేసి పిలిస్తే బెంగళూరు మేడమ్ కూడా వచ్చింది. ఏమీ అడగకుండా ఆమె కూడా కాళ్ళు ముంచింది. అత్తకు ఆమె మీద అక్కడే గౌరవం కుదిరింది.

తెర మీద అత్త కనబడగానే గోల. "ఏమ్మా, కెమెరాలో ఇంత లావుగా ఉండావే!" అని ఒకరు, "మామ లుంగీ కట్టిన పిల్లోడు యాడ?" అని ఒకరు. బ్యాంకు సీన్లో అత్త మేనేజరుకు కన్నడంలో సమాధానం చెప్తూ, కోపం వచ్చిన చోట తెలుగులోకి మారితే షెడ్డంతా చప్పట్లు. ఎవరికీ ఏదీ విడమరచి చెప్పాల్సిన పని పడలేదు. నేను మాత్రం తెర చూడలేకపోతున్నాను. గడప సీన్ దగ్గర పడుతోంది. వీళ్ళకు కూడా అది విసుగనిపిస్తే రేపు కంపెనీ ఆయనకు సరే అని చెప్పేద్దామని అప్పటికే నిర్ణయించుకున్నాను.

చప్పుడు మొదలైంది. మాట్లాడుకుంటున్నవాళ్ళు మానేశారు. ఒక్కరు కూడా విసుక్కోలేదు. చిటపటమని స్పీకర్లలోంచి వస్తున్న ఆ చప్పుడు ఖాళీ అరల మధ్య తిరుగుతోంది. కొంతసేపటికి పలచబడింది. ఆగిపోయింది.

ముందు వరసలో ఒకామె లేచి నిలబడింది. ఆమె పక్కనామె లేచింది. పరగోడు ఆడవాళ్ళు లేచారు. అత్త కూడా లేచి, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుంటూ, గోడవారన ఆకు మోపు కోసం చేయి చాపింది. అక్కడ మోపు లేదు. అప్పటికి గానీ ఎవరికీ తాము ఎందుకు లేచారో తెలియలేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అంతలో తెర మీద అత్త ఆకు మోపుతో వచ్చింది. కొమ్మలు పరిచింది. చిటపట మళ్ళీ మొదలైంది.

"వచ్చినాదిలే" అంది ఎవరో. అందరూ కూర్చున్నారు. తర్వాత ఎంత నవ్వుకున్నారో! నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

మేడమ్ నా చెవి దగ్గరికి వంగి ఎందుకు లేచారని అడిగింది. నేను చెప్పేలోపు అత్త కన్నడంలో అందుకుంది. "వాటికి ఆకు అయిపోతే కూర్చోవడం ఎలాగమ్మా?" అంది.  ఆట అయ్యాక మేడమ్ బయట చెప్పులు వేసుకుంటూ, కమిటీకి ఏం చెప్పాలో తనకు తెలుసని మాత్రం అంది.

సాయంత్రం కంపెనీ ఆయనకు ఫోన్ చేశాను. చప్పుడు తీయం, మాట మార్చం, అలాగే తీసుకుంటే సంతోషం అన్నాను. ఆయన తన చేతిలో లేదని చెప్పి, మీ సినిమా బాగుంది మేడమ్ అని మళ్ళీ అన్నాడు. మనసులోంచే అన్నాడనుకుంటాను. కెమెరా అబ్బాయి వింటూనే ఉన్నాడు. స్పీకర్ల తీగలు చుట్టుకుని, "రేపు యాడక్కా?" అన్నాడు.

మరునాడు పరగోడు. అక్కడా పంట దించిన ఇల్లు ఒకటి ఖాళీగా ఉంది. తర్వాత చింతామణి వైపు నుంచి పిలుపు వచ్చింది. పురుగులు పెంచే ఊళ్ళలో ఇదొక వీలు. ఒకరింట్లో పంట నడుస్తుంటే ఇంకొకరి ఇల్లు ఖాళీగా ఉంటుంది. ఆ ఇళ్ళను గుత్తగా కొనడానికి ఏ కంపెనీ రాదు, వచ్చినా కాళ్ళు ముంచకుండా లోపలికి రానివ్వరు. బెంగళూరు సంస్థ మా రెండో సినిమాకు సాయం చేయడానికి ఒప్పుకుంది. ఫారంలో భాష రాసే చోట రెండూ ఇరికించి రాశాను, ఎవరూ కొట్టేయలేదు. ఆ పని కోసం చిన్నాన్న మళ్ళీ మిద్దె మీది గది ఊడ్పించాడు.

అత్తకు తన పంట పని లేకపోతే ప్రతి ఆటకూ మాతో వస్తుంది. ముందు వరసలో కూర్చుంటుంది. ఆ చప్పుడు ఆగినప్పుడల్లా లేచి నిలబడుతుంది. మొన్న ఉండబట్టలేక అడిగాను.

"ఇన్ని సార్లు చూసినావు కదత్తా. మోపు తెచ్చేది నువ్వేనని తెలుసు కదా. ఇంకా ఏమిటికి లేస్తావు?"

"తెలుసు" అంది అత్త, తెర మీంచి కన్ను తీయకుండా. "పురుగులకు తెల్దు కదమ్మా."