మొదటి చప్పట్లు ఓంకార్‌వే

ఓంకార్‌కు ఉన్నది ఒకటే జబ్బు. ఎవరు ఏం చేసినా చప్పట్లు కొట్టేస్తాడు. వరంగల్, హనుమకొండ, కాజీపేట మూడు ఊళ్లు వెతికినా ఆ జబ్బుకు మందు దొరకలేదు. దొరికినా లాభం లేదు, మందు రాసిచ్చిన డాక్టరుకే చప్పట్లు కొట్టేవాడు.

ఈ సంగతి సదానందానికి తెలిసినంతగా మరొకరికి తెలియదు. ఇద్దరూ వరంగల్ కొత్తవాడలో పక్కపక్క ఇళ్లలో పుట్టినవాళ్లు. ఓంకార్ ఇప్పటికీ అక్కడే జంపఖానాలు నేస్తాడు. సదానందం మాత్రం మగ్గం వదిలి హనుమకొండలో టెంట్ హౌస్ పెట్టాడు. షామియానా, కుర్చీలు, మైకు, స్టేజీ అద్దెకిస్తాడు. కుర్చీల్లో కూర్చునే జనం కావాలన్నా ఆయనే పంపిస్తాడు.

ఒకసారి ములుగు రోడ్డులో బర్రె అడ్డమొస్తే కొత్త డ్రైవరు బస్సుకు గట్టిగా బ్రేకు వేశాడు. జనం తిట్టడానికి నోళ్లు తెరిచేలోపే ఓంకార్ చప్పట్లు అందుకున్నాడు. తెరిచిన నోళ్లు మూసుకుని అందరూ కొట్టారు. స్టీరింగు మీద వణుకుతున్న చేతులు తీసి డ్రైవరు దండం పెట్టాడు.

వాడకట్టులో ఒక పెద్దాయన దశదినకర్మ నాడు జరిగింది మరీ ఘోరం. పిండం పెట్టి ఎంతసేపైనా కాకి ముట్టలేదు. చుట్టాలంతా పెద్దకొడుకును దోషిని చూసినట్టు చూస్తున్నారు, ఆయన ముఖంలో నెత్తురుచుక్క లేదు. చివరికి ఒక కాకి దయతలచి వచ్చి ముక్కు ఆనించింది. ఓంకార్ సంతోషం పట్టలేక చప్పట్లు కొట్టాడు. కాకి తుర్రుమంది. ముట్టిందా ముట్టలేదా అని బంధువులు పొద్దుగూకేదాకా కొట్లాడుకున్నారు.

ఓంకార్ భార్య నవనీత బాధ నవనీతది. "ఉప్పు తక్కువైనా సప్పట్లే, ఎక్కువైనా సప్పట్లే. పెండ్లయి ఇన్నేండ్లాయె, నా వంట మంచిదో చెడ్డదో నాకే ఎరుక లేకపాయె" అని కనిపించినవాళ్లందరికీ చెప్పుకుంటుంది.

ఈ జబ్బులో వ్యాపారం ఉందని కనిపెట్టినవాడు సదానందం. ఒక బడి వార్షికోత్సవంలో స్టేజీ ఎక్కిన పిల్ల పద్యం మరిచిపోయి బిక్కముఖం వేసింది. ఓంకార్ చప్పట్లు కొట్టాడు, హాలంతా కొట్టింది, పిల్లకు పద్యం గుర్తొచ్చింది. అందరూ పిల్లను చూస్తుంటే సదానందం జనాన్ని చూశాడు.

"తమ్మీ, మందిదేముంది, ఎంతమందైనా దొరుకుతరు. మొదలువెట్టెటోడు దొరకడు. నా మీటింగులకు రారాదు?"

"వస్త గని పైసలద్దన్నా. ముంగట కుర్సి, ఒక చాయ్ జాలు."

అప్పటినుంచి ఏ పార్టీ సభ అయినా టెంటు సదానందానిది, మొదటి చప్పట్లు ఓంకార్‌వి. ఒక నాయకుడు అవినీతిని పాతరేస్తానన్నాడు. ఓంకార్ కొట్టాడు. మరుసటేడు అదే నాయకుడు ఇంకో రంగు కండువా కప్పుకుని అదే అవినీతిని మళ్లీ పాతరేస్తానన్నాడు. ఓంకార్ మళ్లీ కొట్టాడు.

సదానందానికే నవ్వొచ్చింది. "నిరుడు గిదే ముచ్చట ఆ పార్టీల ఉండి చెప్పిండు గదరా?"

"ఈసారి మంచిగ చెప్తనో లేదోనని భయపడ్డడన్నా. నిరుడు జర తడబడ్డడు."

సదానందానికి అవినీతి మీద కోపం లేదు. నిజానికి కొంచెం గౌరవం కూడా ఉంది. "రోడ్డు మంచిగేస్తే ఒక్కటే ఓపెనింగు. వానకు కొట్టుకపోతే మళ్ల రోడ్డు, మళ్ల ఓపెనింగు, మళ్ల నా టెంటు. మనకేంది ఫికర్?" అనేవాడు. చాయ్ హోటల్లో ఆ మాటకు ఎదురు చెప్పినవాడు లేడు. తినేటోడు తింటాడు, మనకు బిర్యానీ ప్యాకెట్ వస్తే చాలన్నది అందరి సిద్ధాంతం. ఊళ్లో అన్ని పార్టీలూ ఏకగ్రీవంగా ఒప్పుకున్న సిద్ధాంతం అదొక్కటే.

అలాంటి రోజుల్లో ఒక కంపెనీ కన్ను కొత్తవాడలోని సర్కారు ఖాళీ జాగ మీద పడింది. మగ్గమెక్కించే ముందు పడుగు పోగులను బారుగా సాగదీసి గంజి పట్టించాలి. దానికి పొడవాటి జాగ కావాలి. వాడ మొత్తానికి ఉన్నది అదొక్కటే. అది పోతే ఓంకార్ మగ్గంతో సహా అన్నీ మూలపడతాయి. కంపెనీకి మాత్రం అక్కడ షాపింగ్ కాంప్లెక్సు కావాలి. పైనుంచి కిందిదాకా అందరూ ఒప్పుకున్నారు. ఇక ప్రజలు ఒప్పుకున్నట్టు ఒక సభ జరిగితే చాలు.

కంపెనీ తరఫున నిఖిల్ అనే కుర్ర ఆఫీసరు వచ్చి సదానందంతో మాట్లాడాడు. "సింపుల్ అన్నా. మున్సిపల్ మేడం స్కీము చదువుతది, మనోళ్లు క్లాప్స్ కొడ్తరు, 'ప్రజలు హర్షధ్వానాలతో ఆమోదించారు' అని రాస్తరు. ఇగ మా కంపెనీ ఫంక్షన్లన్నిటికీ మీ టెంటే."

సదానందం ఆ రాత్రి సరిగ్గా నిద్రపోలేదు. ఆయన తల్లి కూడా ఆ జాగలోనే పడుగు చాపింది. అయినా పొద్దున లేచి లారీకి కుర్చీలెత్తించాడు. ఓంకార్‌కు మాత్రం సంగతేమిటో చెప్పలేదు, సభ ఉంది రమ్మన్నాడంతే.

సభలో స్టేజీ మీద ముగ్గురు కార్పొరేటర్లు, మూడు పార్టీల కండువాలు కప్పుకుని కూర్చున్నారు. ముగ్గురి ముందూ ఉన్నవి కంపెనీ పేరున్న నీళ్ల సీసాలే. కింద బిర్యానీ తిని కునికిపాట్లు పడుతున్న జనం. మున్సిపల్ మేడం స్కీము చదవడం పూర్తిచేసి, అలవాటు కొద్దీ అడిగింది.

"ఎవరికైనా అభ్యంతరాలున్నాయా?"

ఇక ఓంకార్ కొట్టాల్సిన ఘడియ. ఆయన చేతులు మోకాళ్ల మీదే ఉన్నాయి. సరిగ్గా అప్పుడే చివరి వరుసలోంచి పోశవ్వ లేచింది. వయసంతా ఆ జాగలో పడుగులు చాపుతూ గడిపిన ముసలామె. మెల్లగా నడిచొచ్చి మైకు పట్టుకుంది. మైకు కూ అని కూసింది. ఆమె బెదిరిపోయింది.

"మేడమూ... మా పడుగు..." అని ఆగిపోయింది. కాళ్లు గజగజ వణుకుతున్నాయి.

నిఖిల్ సదానందం వైపు చూసి మైకు బందు చేయమని సైగ చేశాడు. సదానందం వేలు స్విచ్ మీదికి పోయి అక్కడే ఆగింది. ఏడాది గిరాకీ అంతా ఆ వేలి కింద ఉంది.

ఓంకార్ చప్పట్లు కొట్టాడు.

కునుకుతున్న జనం ఉలిక్కిపడి లేచారు. ఓంకారన్న కొడుతున్నాడంటే కొట్టాల్సిందేనని వాళ్లకు తెలుసు. టెంటు అదిరిపోయింది. కంపెనీ పిలిపించిన టీవీ కెమెరాలు పోశవ్వ వైపు తిరిగాయి. ముసలామెకు ప్రాణం లేచొచ్చింది.

"ఈ జాగ పోతే పడుగు యాడ చాపాలె మేడమూ? మీ బిల్డింగు మీద చాపాల్నా?"

ఓంకార్ కొట్టాడు, జనం కొట్టారు.

"ఈ ముగ్గురు సార్లవి మూడు పార్టీలు. తాగే నీళ్లు మాత్రం ఒక్క కంపెనీయే!"

మళ్లీ మోగిపోయింది. అలవాటులో పొరపాటున ఒక కార్పొరేటరు కూడా రెండు చరిచి, పక్కాయన మోచేత్తో పొడిస్తే ఆపాడు.

నిఖిల్ స్టేజీ మీదికి పరుగెత్తాడు. "మేడం, ఇది రాయకండి. వీళ్లు..."

"వీళ్లు?" అంది మేడం.

వీళ్లు ప్రజలు కాదు, మేం తెచ్చుకున్నవాళ్లు అని కెమెరాల ముందు ఎలా చెప్తాడు? 'పోశవ్వ అభ్యంతరాన్ని ప్రజలు హర్షధ్వానాలతో ఆమోదించారు' అని మేడం కూడా ఆ కెమెరాల కోసమే చెప్పి మరీ రాయించింది. ఫైలు పునఃపరిశీలనకు వెనక్కి పోయింది. పునఃపరిశీలన అంటే మన ఆఫీసుల్లో ఎంత కాలమో అందరికీ తెలిసిందే. మొదటిసారిగా ఆ ఆలస్యం కొత్తవాడకు కలిసొచ్చింది.

జనం లేచి పోతున్నారు.

"ఇంతకు దేనికి కొట్టినమే?"

"ఏమో, ఓంకారన్న కొట్టిండు. బిర్యాని మాత్రం మంచిగుండె."

టెంటు ఖాళీ అయ్యాక సదానందం ఓంకార్ మీద విరుచుకుపడ్డాడు. "నా గిరాకీ అంత ముంచితివి గదరా! ముసలామె లేవక ముందు కొట్టుమంటే మోకాళ్లు పట్టుకొని కూసున్నవేంది?"

"మేడం మంచిగనే చదివిందన్నా, జెర గూడ భయపడలే. ఆమెకు నా సప్పట్లెందుకు? పోశవ్వ కాళ్లు సూశినవా? నిలవడెటోని కాళ్లు వణికితె నా చేతులు ఆగయన్నా. ఎవలో ఒకలు తోడున్నరని ఎరుకైతె మనిషి పడిపోడు."

బర్రె అడ్డమొచ్చిన డ్రైవరు, కాకి కోసం చూసిన కొడుకు, పద్యం మరిచిన పిల్ల ఒక్కొక్కరే సదానందం కళ్ల ముందు మెదిలారు. ఇన్నేళ్లూ జబ్బనుకున్నది ఏమిటో ఆయనకు అప్పుడు అర్థమైంది. కోపం మాత్రం వదలబుద్ధి కాలేదు.

"గదంత సరే. నా సంగతేంది?"

"నీ వేలు గూడ సూశిన. స్విచ్ మీద గజగజ వణికింది. అయినా నొక్కలేదు గదనే!"

అని, ఆ ఖాళీ టెంటులో సదానందానికి ఎదురుగా నిలబడి ఓంకార్ చప్పట్లు మొదలుపెట్టాడు. కుర్చీలెత్తుతున్న పనివాళ్లు దేనికో తెలియకపోయినా కుర్చీలు కింద పెట్టి వాళ్లూ అందుకున్నారు.

"సాలు తియ్యుండ్రి, కుర్సీలెత్తుండ్రి!" అని అరిచాడు సదానందం. ఎవరూ ఆపలేదు. ఆయన కూడా మళ్లీ చెప్పలేదు.