ఇంక్ లైను ఉద్యోగం

పెళ్ళికొడుకుది భూపాలపల్లిలో ఇంక్ లైను ఉద్యోగమని నాయిన నర్మెట్ట అంగట్లో విని వచ్చాడు. ఇంకంటే సిరా, లైనంటే గీత. అంటే కుర్చీలో కూర్చుని రాసుకునే పనేనని ఆయన అర్థం చేసుకున్నాడు. నేను జనగామలో పదో తరగతి దాకా చదివినదాన్ని, ఊరుకుంటానా? అది రెండు మాటలు కాదు నాయినా, ఒకటే మాట, ఇంక్లైన్ అంటే మొగ్గు చూపడమని మా ఇంగ్లీషు సారు చెప్పాడన్నాను. మనసు మొగ్గిన పని దొరికితే ఇంకా మంచిదే కదా అని నాయిన మరింత సంబరపడ్డాడు. తండ్రీబిడ్డలం కలిసి ఒక్క మాటను పట్టుకుని పెళ్ళి ఖాయం చేసుకున్నాం.

కాపురానికి వెళ్ళిన కొత్తలో మా ఆయన నన్ను తీసుకెళ్ళి ఆ ఇంక్లైన్ చూపించాడు. నేల నోరు తెరిచినట్టు ఒక పెద్ద సందు, అందులోంచి కిందికి ఏటవాలుగా చీకటి దారి. నిలువు బావి కాదు, నడిచి దిగే బొగ్గు గని. సారు చెప్పిన మొగ్గు నిజమే. కాకపోతే మొగ్గింది మనసు కాదు, నేల. దిగేటప్పుడు కాళ్ళు వాటంతట అవే లాక్కుపోతాయని, ఎక్కేటప్పుడే అసలు సంగతి తెలుస్తుందని ఆయన నవ్వుతూ చెప్పాడు. నాకు నవ్వు రాలేదు.

మా అత్తమ్మకు ఒక పట్టింపు ఉండేది. గనిలో పైకప్పు కూలకుండా కట్టెలు నిలబెడతారు. అవి పక్కకు వాలితే ముప్పే. అందుకని ఇంట్లో చీపురునైనా నిచ్చెననైనా గోడకు ఆనించనిచ్చేది కాదు, నేల మీద పడుకోబెట్టాల్సిందే. ‘ఒరిగింది’ అన్న మాట గడప లోపల ఎవరూ అనకూడదు. చనిపోయినవాణ్ణి నేలకొరిగిండనే కదా అంటారు! నేను లోలోపల నవ్వుకునేదాన్ని. ఒకసారి నాయిన వచ్చి అన్నం ముందు కూర్చున్నాడు. మా ఆయన బట్టలు ఉతికి ఉతికి నల్లబడ్డ నా చేతులు చూసి నిట్టూర్చాడు.

“గింత దూరమిచ్చి ఏమొరిగింది బిడ్డా?”

అత్తమ్మ చేతిలో గరిటె అట్లాగే ఆగిపోయింది. ఆ పూట ఎవరికీ ముద్ద దిగలేదు.

ఆ వానాకాలమే మా ఆయన అన్నం తింటూ ఒకటే సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. తాము పనిచేసే చోట ఒక కట్టె పక్కకు జరుగుతోందట. పైవాళ్ళకు చెబితే చూద్దామన్నారట. పక్కింటి అక్క భర్తా ఈయనా పనిచేసేది ఒక్క చోటే. ఆ కట్టె మార్చేదాకా పనికి నాగా పెట్టమని బతిమాలాను. వినకపోతే కోపమొచ్చి సద్దిగిన్నె దాచేశాను. తిండి లేకపోతే ఆగుతాడనుకున్నాను, పిచ్చిదాన్ని.

“నేను పోకుంటే ఆ కట్టె కింద ఇంకోడు నిలబడతడు గదా,” అని ఉత్త చేతులతోనే వెళ్ళిపోయాడు.

షిఫ్టు దిగే వేళ కాకముందే సైరన్ మోగింది. పొయ్యి మీది కూర అట్లాగే వదిలేసి, పక్కింటి అక్కా నేనూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని పరుగెత్తాం. గని నోటి దగ్గర తాడు కట్టి మమ్మల్ని ఆపేశారు. వాలు దారిలో ఎక్కివచ్చే మనిషి ఒక్కసారిగా కనబడడు. ముందు టోపీ మీది దీపం, తర్వాత తల, ఆ తర్వాత భుజాలు. దీపం కనబడినప్పుడల్లా అక్క చెయ్యి బిగుసుకునేది, ముఖం కనబడగానే వదులయ్యేది. నాదీ అంతే. చివరికి ఒక మనిషి వచ్చాడు. బొగ్గు పట్టిన ముఖం తెలియలేదు కానీ నడక తెలిసింది. మా ఆయనే. బతికాడు, నాకు అదే చాలనుకున్నాను. నా చేతిలో ఇంకొకరి చెయ్యి ఉందన్న సంగతే మరిచిపోయాను.

ఆయన వెనక ఇంకో దీపం లేదు.

“తమ్మీ, మా ఇంటాయన ఏడి?” అని అక్క అడిగింది.

ఆయన తలెత్తలేదు. జరిగింది మొదటి నుంచి చెప్పబోయాడు.

“కట్టె ఒరిగిందక్కా.”

ఆయన చెప్పింది గనిలో కట్టె సంగతి. ఆ తర్వాత పైకప్పు గురించీ, రాళ్ళు తీస్తున్నవాళ్ళ గురించీ ఏదో చెబుతూనే ఉన్నాడు. కానీ మా దిక్కు పాణం పోయిన ఒంటిని కూడా కట్టె అనే అంటారు. అక్క రెండో మాట అడగలేదు. నా చెయ్యి వదిలేసి, మెల్లగా నా భుజం మీదికి ఒరిగింది.